మన గవర్నమెంటు టీకా

నేను ఇరవై ఏడేళ్ళు టీకాలు వేశాను. ఏలూరు వీధుల్లో నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకున్న పిల్లలు ఇప్పుడు పిల్లల్ని కన్నవాళ్ళు. వాళ్ళలో కొందరికి ఇప్పటికీ నేను ఎదురైతే ఆ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఊళ్ళు తిరిగి అందరి భుజాలూ ముట్టుకునే ఉద్యోగంలో చేరానని మా నాన్నగారు చాలాకాలం బాధపడ్డారు. ఎవరైనా అడిగితే "మావాడు జిల్లా బోర్డులో చేస్తున్నాడండీ" అని అంతటితో ఊరుకునేవారు. అక్కడ ఏం చేస్తున్నానో చెప్పేవారు కారు.

నాకు కోపం ఎక్కువ. ఇది కూడా ముందే చెప్పుకోవాలి. చింతలపూడి మెట్టలో పనిచేసిన రెండేళ్ళలో ముగ్గురు మునసబులతో పోట్లాడాను. అందుకు శిక్షగానే నన్ను కొల్లేటి వైపు వేశారని అప్పట్లో అనుకున్నారు. శిక్షో కాదో గాని, కొల్లేటి లంకల్లో కోపం ఉండి ప్రయోజనం లేదు. అక్కడ కోప్పడదామంటే మనుషులు దొరకరు.

నేను ఎక్కువగా వెళ్ళిన లంక ఒకటుంది. నీళ్ళ మధ్య మట్టి దిబ్బ మీద నలభై యాభై గుడిసెలు, చుట్టూ మనిషెత్తు కిక్కిస గడ్డి. అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. నా దోనె అల్లంత దూరాన ఉండగానే ఎవరో చూసి కేక వేసేవారు. నేను గట్టెక్కేసరికి పిల్లల్ని తాటి దోనెల్లో పడుకోబెట్టి, పైన చాపలు కప్పి, గెడ వేసుకుంటూ కిక్కిసలోకి వెళ్ళిపోయేవారు. ఊళ్ళో ముసలివాళ్ళు, కుక్కలు, ఆరేసిన వలలు మిగిలేవి.

"పిల్లలేరయ్యా?" అని అడిగితే ఊరి పెద్ద చేతులు కట్టుకుని, "పెళ్ళికెల్లేరండి" అనేవాడు.

"ఎవరి పెళ్ళి?"

"మావోళ్ళదేనండి."

"ఇది మూఢం కదయ్యా! మూఢంలో పెళ్ళేమిటి?" అని పురోహితుడి కొడుకు బుద్ధి చూపించేవాణ్ణి.

"మరేనండి. అందుకే తొందరగా చేసేత్తన్నారండి" అనేవాడు, ముఖంలో చిన్న నవ్వు కూడా లేకుండా.

వాళ్ళ భయానికి కారణాలు రెండు. మశూచికం అమ్మవారి చలవ, ఆమె దారికి సూది అడ్డం పెడితే కోపగిస్తుందన్నది ఒకటి. ఇది నేను అన్ని ఊళ్ళలోనూ విన్నదే. రెండోది ఆ లంకల్లోనే విన్నాను. అప్పట్లో టీకా అంటే భుజం మీద నాలుగు చోట్ల సూదితో గీసి, ఆ గీతల మీద మందు రాసేవాళ్ళం. మానాక నాలుగు గుండ్రటి మచ్చలు మిగిలేవి. అవి దొరల ముద్రలని వాళ్ళ నమ్మకం. ముద్ర పడ్డ మగపిల్లాణ్ణి పెద్దయ్యాక ఓడ ఎక్కించి యుద్ధానికి తీసుకుపోతారు. వెనకటి యుద్ధంలో ఆ చుట్టుపక్కల నుంచి వెళ్ళి తిరిగిరానివాళ్ళ భుజాల మీద ఆ మచ్చలున్నాయట. ఉండే ఉంటాయి, సైన్యంలో చేరినవాడికి టీకా వేస్తారు కదా. మచ్చ ముందా సైన్యం ముందా అని నేను ఎన్నిసార్లు వాదించినా గెలవలేదు.

"గొడ్డుకి వాత ఏసేదెవరండీ? దాని యజమానే గదండీ" అన్నాడు ఒకసారి ఊరి పెద్ద. "మాకు ఏసేదెవరండీ మరి?"

నేను మండిపడ్డాను. అజ్ఞానం అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అతని మాటలో అజ్ఞానం ఏమీ కనిపించదు. సర్కారు అంటే వాళ్ళకు తెలిసింది పన్ను అడిగే జవాను, చేపల రేవు వేలం పాట పాడుకుని వాళ్ళ వలల్లోంచి వాటా తీసుకుపోయే గుత్తేదారు. సర్కారు తరఫున ఏదైనా ఇవ్వడానికి వచ్చినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. నేనిచ్చేది వాపూ జ్వరమూ.

ఇలా ఉండగా ఎన్నికలు వచ్చాయి. ఆ లంక మొత్తానికి ఓటు ఉన్నది ఊరి పెద్దకి ఒక్కడికే. గట్టు మీద కాస్త చేను ఉండి పన్ను కడుతున్నాడు కనక. చదువు రానివాళ్ళ కోసం ఒక్కో పక్షానికి ఒక్కో రంగు పెట్టె పెట్టారు. ఖద్దరు పక్షం వాళ్ళది పసుపుపచ్చ పెట్టె. ఊరి పెద్ద ఆ వేళ తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని దోనె ఎక్కాడట. చీటీ వేశాక, పసుపు రంగు చూసిన చేతులు ఊరుకోక పెట్టెను ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడట. అక్కడ దండాలు పెట్టకూడదని ఆఫీసరు కసిరితే, "నా పెట్టెకి నేను పెట్టుకున్నానండీ" అన్నాడట. ఈ కథ నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారికి ఆఫీసరు కూడా దండం పెట్టాడు.

ఆ పక్షం గెలిచింది. మద్రాసులో మనవాళ్ళు మంత్రులయ్యారు. ఆ రోజులు ఎలా ఉండేవో ఇప్పటివాళ్ళకి చెప్పడం కష్టం. పోలీసు జవాను పాత జవానే, పోస్టాఫీసు పాతదే, తాలూకా కచేరీలో కుర్చీలు కూడా మారలేదు. కాని ఆ కచేరీ ముందు నుంచి వెళ్ళేటప్పుడు మేము కాస్త నిటారుగా నడిచేవాళ్ళం. "సర్కారు" అనే మాట వెనకబడి "మన గవర్నమెంటు" అనే మాట వచ్చింది. నేను కోటు పెట్టెలో పడేసి ఖద్దరు చొక్కా కుట్టించుకున్నాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి మా నాన్నగారు నాతో కలిసి బజారుకి వచ్చారు. లంకల్లో వాళ్ళని "ఏమయ్యా" అనేవాణ్ణి, "ఏమండీ" అనడం మొదలుపెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అంతకుముందు అలా పిలవడానికి నాకు అడ్డం వచ్చిందెవరు? ఏ దొరా వద్దనలేదు.

మరుసటి ఏడు ఎండలు ముందే ముదిరాయి. కలిదిండి వైపు అమ్మవారు పోసిందని తెలిసింది. ఆ కబురు లంకకి తెచ్చింది ఒక పిల్లతల్లి. ఆమె పుట్టిల్లు అటువైపే. అన్నగారింట్లో ఇద్దరికి పోసిందని దారిలోనే విని, గుమ్మం తొక్కకుండా వెనక్కి వచ్చేసింది. ఆమె అంతకుముందే ఇద్దరు పిల్లల్ని అమ్మవారికి ఇచ్చుకుంది. మిగిలింది మూడేళ్ళ ఆడపిల్ల ఒక్కతే. ఆ పిల్లని చంకలోంచి దింపేది కాదు. అమ్మవారు కలిదిండి నుంచి లంకకి రావడానికి ఒక్క చుట్టం, ఒక్క పడవ చాలు. ఆలోగా అక్కడి పిల్లలందరికీ టీకా పట్టాలి. నాకు పగలూ రాత్రీ ఇదే ధ్యాస అయింది.

నా దగ్గర మందు అయిపోయింది. ఆ వారం మా ఇనస్పెక్టరుగారి మకాం తాడేపల్లిగూడెంలో. పొద్దున్న రైల్లో వెళ్ళి మందు తీసుకున్నాను. టీకా మందు మద్రాసు నుంచి సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. అది ప్రాణం ఉన్న మందు, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకని గొట్టాల్ని రేకు డబ్బాలో పెట్టి, డబ్బాకి తడిగుడ్డ చుట్టి, ఆ గుడ్డ ఆరకుండా నీళ్ళు చల్లుకుంటూ మోసుకుపోవాలి. ఈ పని నాకంటే జాగ్రత్తగా చేసేవాడు జిల్లాలో లేడని నా గర్వం.

మధ్యాహ్నం రైలుకి తిరిగి రావలసినవాణ్ణి. స్టేషను బయట జనం పోగయి ఉన్నారు. మంత్రుల్లో ఒకాయన వస్తున్నాడని, మైదానంలో జెండా ఎత్తుతాడని చెప్పారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, డబ్బా పట్టుకుని నేనూ వెళ్ళాను. పందిరి కింద నీడ ఉంది గాని అక్కడ కూర్చుంటే జెండా కనిపించదు. ముందు వరసలో ఎండలో కూర్చున్నాను. ఆయన రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. మాడు పగిలిపోయే ఎండ. ఒళ్ళో డబ్బాకి చుట్టిన తడిగుడ్డ చేతికి చల్లగా తగులుతోంది. ఎప్పుడు విప్పానో నాకు గుర్తు లేదు. జెండా పైకి వెళ్ళేసరికి ఆ గుడ్డ నా నెత్తి మీద ఉంది.

జెండా పైకి వెళుతుంటే ఏడ్చాను. నా పక్కన కూర్చున్న కిరాణా కొట్టు ఆయన కూడా ఏడ్చాడు. అవి దొంగ ఏడుపులు కావు. ఆ వేళ నాకు ఈ దేశంలో ప్రతి కచేరీ, ప్రతి బడి, ప్రతి ఆసుపత్రి సొంత ఇల్లులా అనిపించింది. సొంత ఇంట్లో మనకు ఎవరు అన్యాయం చేస్తారు అనుకున్నాను. సొంత ఇంట్లోవాళ్ళే ఎక్కువ ఏమరుపాటుగా ఉంటారన్న సంగతి తట్టలేదు.

సాయంత్రం రైల్లో డబ్బా ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఏలూరులో దిగగానే కుళాయి దగ్గర గుడ్డ తడిపి మళ్ళీ చుట్టాను. ఇంత మంచి రోజున చెడు జరగదులే అనుకున్నాను. నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణే, అయినా అలాగే అనుకున్నాను.

మర్నాడు లంకకి వెళ్ళాను. దోనెలు అప్పటికే కిక్కిస అంచుకి చేరాయి. ఊరి పెద్ద నా ఖద్దరు చొక్కా కేసి ఒకసారి, నా సంచీ కేసి ఒకసారి చూశాడు.

"ఈసారి ముద్ర ఎవరిదండీ?" అన్నాడు.

"మనదేనండీ" అన్నాను.

అతను నీళ్ళ వైపు తిరిగి పెద్ద కేక వేశాడు. దోనెలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. పిల్లలు చాపల కింద నుంచి తలలు బయటపెట్టారు. నా ఉద్యోగంలో అలాంటి దృశ్యం అంతకుముందు చూడలేదు. ఊరి పెద్ద అయిదేళ్ళ మనవణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టాడు.

"ముందు మావోడికి ఏసేయండి. నేను ఓటేసి తెచ్చుకున్న గవర్నమెంటండి ఇది!"

మందు పాత మద్రాసు మందే. సూది దొరల కాలం నాటిదే. నేనూ పాతవాణ్ణే. మారిందల్లా నా చొక్కా. అయినా "మనదే" అన్నప్పుడు నేను అబద్ధం ఆడాననుకోను, నిజంగా అలాగే అనిపించింది. ముప్పై పైచిలుకు పిల్లలకి టీకాలు వేశాను. ఆ కలిదిండి వైపు ఆడమనిషి అందరికంటే ఆఖరున వచ్చింది. ముద్ర ఎవరిదని ఆమె అడగలేదు.

"ఇది ఏయించుకుంటే అమ్మవారు రాదాండీ?"

"రాదమ్మా."

"ఒట్టాండీ?"

"ఒట్టు" అన్నాను.

టీకా వేసిన ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళి, పట్టిందో లేదో చూసి పుస్తకంలో రాసుకోవాలి. పట్టడమంటే ఏమిటో చెప్పాలి. గీసిన చోట పొక్కు లేస్తుంది, చీము పోస్తుంది, చెయ్యి వాస్తుంది, ఒకటి రెండు రోజులు జ్వరం తగులుతుంది. ఆ బాధే రక్ష. ఎనిమిదో రోజున ఊళ్ళోకి అడుగుపెడితే మామూలుగా పిల్లల ఏడుపులు, తల్లుల శాపనార్థాలు వినిపిస్తాయి. ఆ శాపనార్థాలు వినిపిస్తే నా మనసు కుదుటపడేది.

ఈసారి గట్టు మీదే నాకు కొబ్బరి బొండం కొట్టి ఇచ్చారు. ఊరి పెద్ద మనవడి భుజం నాకు చూపిస్తూ మురిసిపోయాడు.

"చూడండి పంతులుగారూ! దొరల టీకా ఏసినప్పుడు పొరుగు లంకలో పిల్లోళ్ళ చేతులు కుండల్లాగ వాచిపోయేయండి. మూడు రోజులు మూసిన కన్ను తెరవలేదు. మన గవర్నమెంటు టీకా చూడండి. వాపు లేదు, చీము లేదు. మర్నాడే ఈతకెల్లిపోయేడండి ఈడు. మనోళ్ళకి మన పిల్లల మీద జాలుంటది గదండీ!"

అందరూ అవునన్నారు. తల్లులు పిల్లల్ని వరసగా తెచ్చి చూపించారు. నున్నటి భుజాలు. గీతలు ఎండిపోయి, పక్కు కూడా రాలిపోయింది. ముప్పై పైచిలుకు భుజాల్లో ఒక్కదానికీ పట్టలేదు. చేతిలో బొండం కింద పెట్టేశాను. తాడేపల్లిగూడెం ఎండ, నెత్తి మీద చల్లటి గుడ్డ, వెచ్చని డబ్బా అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను ఏమన్నానో తెలుసా? "బాగుందండీ" అన్నాను.

తిరిగి దోనె ఎక్కబోతుంటే, కలిదిండి కబురు తెచ్చిన ఆ పిల్లతల్లి ఎదురొచ్చింది. పిల్ల చంకలో లేదు, పక్కన నడుస్తోంది. "రేపు మా అన్నగారింటికెల్లి సూసొత్తానండి. ఇద్దరు పిల్లల్తోటీ మా వొదిన ఒక్కతీ అల్లాడిపోతందండి. దీన్ని కూడా తీసుకెల్తానండి. టీకా పడింది గదండీ" అంది.

"రెండు రోజులు ఆగమ్మా" అన్నాను.

"ఎందుకండీ?"

"ఎండగా ఉంది" అన్నాను. నోటికి వచ్చింది అదే.

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. మళ్ళీ వేస్తే సరిపోదా అంది. సరిపోతుంది, కాని ఎందుకు వేస్తున్నానో చెప్పాలి కదా అన్నాను. "ఉన్న కారణమే చెప్పండి" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడకి అది అంత చిన్న సంగతి. నాకు మింగలేక కక్కలేక ఉంది. "మన గవర్నమెంటు" అన్న మాట ఆ లంకలో పుట్టి ఏడాది కాలేదు. దాని పరువు నా చేతులతో నేనే తీయాలా? ఇంకోపక్క ఇంకో మాట పీకుతోంది. దొరలు ఆ జనానికి ఏ సంగతీ చెప్పి చేయలేదు. మనమూ చెప్పకుండానే చేస్తే, ఆ జెండా చూసి నేను ఏడ్చింది ఎందుకు? ఈ రెండో మాటే నాకు గొప్పగా తోచింది. గొప్పగా తోచిన దాన్నే నేను ఎన్నుకున్నాను. దీన్ని గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళని కోరుతున్నాను.

రెండో రోజు కొత్త మందు తీసుకుని, డబ్బాని తొలిచిన పచ్చి అరటి బోదెలో పెట్టి, దాని పైన తడిగుడ్డ చుట్టి లంకకి వెళ్ళాను. అందరినీ పిలిచి గట్టు మీద నిలబడి చెప్పాను.

"ఆ టీకా పట్టలేదండీ. చెయ్యి వాచకపోవడం మంచి కాదు, చెడు. అది చచ్చిన మందు."

ఊరి పెద్ద, "మన గవర్నమెంటు చచ్చిన మందు పంపిందాండీ?" అన్నాడు.

"గవర్నమెంటు కాదండీ, నేనే చంపాను. తాడేపల్లిగూడెంలో జెండా చూడ్డానికి వెళ్ళి ఎండలో పెట్టాను. దానికి చుట్టిన తడిగుడ్డ తీసి నెత్తిన వేసుకున్నాను. తప్పు గవర్నమెంటుది కాదు, నాది."

వెనకాల ఎవరో ఫక్కున నవ్వారు. ఊరి పెద్ద నవ్వలేదు. అతని ముఖం చిన్నబోయింది. అంత పెద్దమనిషి ముఖం అలా చిన్నబోవడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"మీది ఏరు, గవర్నమెంటుది ఏరు అంటారేటండీ? ఈ లంకకి ఏ మంత్రి వచ్చేడండీ? ఎవరొచ్చేరు? మీరొచ్చేరు. మాకు గవర్నమెంటంటే మీరే గదండీ."

మళ్ళీ వేస్తానన్నాను. ఈసారి జాగ్రత్తగా తెచ్చానన్నాను. చెయ్యి వాస్తుంది, జ్వరం వస్తుంది, అప్పుడే పట్టినట్టు లెక్క అన్నాను. అన్నకొద్దీ వాళ్ళ ముఖాలు బిగుసుకుపోయాయి. మొదట వాచకపోవడం మంచిదని సంతోషించినవాళ్ళకి ఇప్పుడు వాస్తేనే మంచిదని చెబుతున్నాను. ఏ మాట నమ్మాలి?

"దొరలు ముద్రేత్తే ముద్రనే చెప్పుకున్నాం" అన్నాడు ఊరి పెద్ద మెల్లగా. "మనోళ్ళేత్తే మురిసిపోయేం. చాలండి. ఇంక ఏ ముద్రా మాకొద్దండి."

అతను కేకలు వేయలేదు. మనవణ్ణి ఎత్తుకుని దోనెలో పడుకోబెట్టి, చాప కప్పి, గెడ అందుకున్నాడు. అతని వెనకాల మిగతావాళ్ళలో చాలామంది. కిక్కిస కదిలి మళ్ళీ నిశ్చలమైపోయింది. ఆ వేళ నాకు ఒక్క పిసరు కోపం రాలేదు.

ఆ పిల్లతల్లి మాత్రం ఉండిపోయింది. పిల్లని నా ముందు కూర్చోబెట్టి దాని రెండో చెయ్యి చాపింది. నేను ఆశ్చర్యంగా చూస్తే, "మిమ్మల్ని నమ్మి కాదండి. ఇద్దర్ని మట్టిలో పెట్టేను, నాకు ఎంచుకోడానికి ఏటుందండీ? ఏయండి" అంది. ఆ రెండో చేతికి టీకా వేశాను. ఆమెను చూసి, ఇంకా దోనె ఎక్కని ఏడెనిమిది మంది తల్లులు మొగుళ్ళు చూడకుండా పిల్లల్ని తెచ్చారు. అంతే.

ఎనిమిదో రోజున వాళ్ళందరి చేతులూ వాచాయి. ఆ పిల్లతల్లి నన్ను చూడగానే తిట్టడం మొదలుపెట్టింది. పిల్ల మూడు రోజులుగా జ్వరంతో నిద్రపోనివ్వలేదట. ఆ తిట్లు వింటూ పొక్కులు చూసి, పుస్తకంలో "పట్టింది" అని రాసుకున్నాను. దోనెల్లో వెళ్ళినవాళ్ళ కోసం ఆ నెలలో ఇంకా మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ కిక్కిసనే చూసి వచ్చాను.

ఆ నెల తిరక్కుండానే లంకలో అమ్మవారు పోసింది. టీకా పట్టిన పిల్లల జోలికి రాలేదు. మిగతా ఇళ్ళలో ఎనిమిది గుమ్మాలకి వేపమండలు కట్టారు. వాటిలో ఒకటి ఊరి పెద్ద గుమ్మం. వేపమండలు కట్టిన ఇంట్లోకి బయటివాళ్ళు వెళ్ళకూడదు. నేను వీధిలో నిలబడ్డాను. అతను గుమ్మంలో కూర్చుని వల చిక్కు తీసుకుంటున్నాడు. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపల పిల్లవాడి మూలుగు వినిపిస్తోంది. చాలాసేపు నిలబడి వచ్చేశాను.

పిల్లవాడు బతికాడు. ఒక కన్ను పోయింది.

వానలు పడ్డాక ఒకరోజు పొద్దున్నే ఊరి పెద్ద ఏలూరులో మా అరుగు మీదికి వచ్చాడు. వెంట మనవడు, కోడలు. కోడలి చేతుల్లో, పుట్టింట్లో కని తెచ్చిన మూడు నెలల ఆడపిల్ల. మనవణ్ణి కంటి డాక్టరుకి చూపించాలి, చీటీ రాసివ్వమన్నాడు. ఆ కన్ను ఇక రాదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా రాసిచ్చాను. అప్పుడు కోడలి కేసి చూసి, "దీనికి ఏసేయండి" అన్నాడు.

ఇంట్లో మందు ఉంది, కూజా పక్కన చల్లటి చోట. పసిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని టీకా వేశాను. గుక్కపట్టి ఏడ్చి ఊరుకుంది. మందు ఆరేదాకా చెయ్యి కప్పకూడదు, కాసేపు కూర్చోమన్నాను. మనవడు ఉన్న కన్ను ఇటు తిప్పుకుని చెల్లెల్ని చూస్తున్నాడు.

"ఒక మాట అడుగుతానండీ. కోపగించుకోకండి" అన్నాడు ఊరి పెద్ద. "ఆ పొద్దు మీరు నిజం ఎందుకు చెప్పేరండీ?"

"చెప్పకపోతే ఎలాగండీ?"

"మన గవర్నమెంటు టీకా రెండు మాట్లు ఏత్తారండీ అనుంటే సరిపోయేది గదండీ. మేము రెండో చెయ్యి సాపేవోళ్ళం. ఆ పొద్దు మీరేం చెప్పినా నమ్మేవోళ్ళమండి."

"అది అబద్ధం కదండీ" అన్నాను.

"అబద్ధమేనండి" అని ఒప్పుకున్నాడు. మనవడి తల మీద చెయ్యి వేశాడు. "ఈడికి కన్నుండేదండి."

తల దించుకుని, ఒళ్ళో ఉన్న పసిదాని చెయ్యి ఆరేదాకా మెల్లగా ఊదుతూ కూర్చున్నాను.